వాటా తేలకముందే డబ్బు కావాలంటే తోటను కౌలుకివ్వాల్సిందేనా?

పైన ఉన్న వీడియో మా మామిడి తోటలో తీసింది. పాదులు, ఆచ్ఛాదన చూపిస్తూ మధ్యలో ఒక మాట అన్నాను. "నాన్న పోయిన ఏడాది ఈ తోట కాంట్రాక్టరు చేతికి పోయేదే, ఎలాగో నిలబెట్టుకున్నాం" అని. వీడియో చూసిన చాలామంది జీవామృతం గురించి కాకుండా ఆ ఒక్క మాట గురించే ఫోన్ చేశారు. అంటే ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదన్నమాట. కెమెరా ముందు చెప్పుకునే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఇంటి పెద్ద చనిపోయాక, పంపకాలు పూర్తి కాకముందే "నా వాటాలో కొంత ఇప్పుడే ఇవ్వండి" అని అడిగే చెల్లెలిది గానీ తమ్ముడిది గానీ తప్పు కాదు. ఆ డబ్బు సర్దే బాధ్యత భూమి మీద ఉండి సాగు చేసుకుంటున్నవాడిదే. అయితే అది చెట్టును, నేలను ఇంకొకరి చేతిలో పెట్టి తెచ్చిన డబ్బు కాకూడదు. బ్యాంకులో ఉన్నదాంట్లోంచి, గాదెలో ఉన్న పంటలోంచి, రాబోయే కోతలోంచి రావాలి.

కొంతమంది "ప్రొబేట్ వచ్చేదాకా ఆగాలట కదా" అని అడుగుతున్నారు. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో పిల్లలున్న వాళ్ల ఇళ్లలో ఈ మాట వినిపిస్తోంది. వీలునామా నిజమైనదేనని కోర్టు చేత ఖాయం చేయించుకోవడమే ప్రొబేట్. అమెరికాలో అది నెలల తరబడి నడుస్తుంది. అందుకే అక్కడ వారసులకు ముందే కొంత డబ్బిచ్చి, తర్వాత వాటాలోంచి అంతకంటే ఎక్కువ పట్టుకునే కంపెనీలు కూడా పుట్టుకొచ్చాయి. బ్రిటన్‌లో అయితే ప్రొబేట్ రాకముందే చనిపోయిన మనిషి ఖాతాలోంచి అంత్యక్రియల బిల్లు కట్టడానికి బ్యాంకులు ఒప్పుకుంటాయి. మన ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో హిందూ కుటుంబాల వీలునామాలకు ప్రొబేట్ తప్పనిసరి కాదు. మనకి ఆలస్యం వేరే దారిలో వస్తుంది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, పాస్‌బుక్‌లో పేరు మార్పు, దానికి అందరి సంతకాలు. ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు దుబాయ్‌లో. ఒకరి ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, సర్టిఫికెట్‌లో ఇంకోలా. ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి. గొడవ ఉంటే ఏళ్లు.

ఈ ఆరు నెలల్లో అవసరాలు ఆగవు. కాలేజీ ఫీజు ఆగదు, వడ్డీ ఆగదు. ఇంకోటి, ఆవు ఆగదు. పెద్దకర్మ కాకముందే రోజూ పొద్దున్నే దానికి గడ్డి వేయాలి, పేడ తీయాలి. దానికి ఫౌతీ లేదు, మ్యుటేషన్ లేదు.

సరిగ్గా అప్పుడే ఇంటికి మనిషి వస్తాడు. మా నూజివీడు వైపు అయితే మామిడి కాంట్రాక్టరు వస్తాడు. ఇంకో చోట రియల్ ఎస్టేట్ మధ్యవర్తి, మరో చోట వడ్డీ వ్యాపారి. మాట ఒక్కటే: "మీకు డబ్బు ఇప్పుడు కావాలి, నేను ఇప్పుడే ఇస్తా."

కాంట్రాక్టరు సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే సహజ సాగు రైతుకి అసలు దెబ్బ అక్కడే. ఒక్క ఏడాది కాపు అమ్ముకుంటే నష్టం ఒక ఏడాదితో పోతుంది. అతను అడిగేది మూడేళ్లు, అయిదేళ్లు. మూడేళ్ల డబ్బు ముందే ఇచ్చినవాడు ప్రతి ఏడాదీ కాపు చూడాలనుకుంటాడు. మామిడేమో ఒక ఏడు విరగకాసి, ఇంకో ఏడు విశ్రాంతి తీసుకునే చెట్టు. ఆ విశ్రాంతి ఇవ్వకుండా ఉండటానికి వానాకాలం చివర్లో పాదుల్లో పాక్లోబ్యూట్రజాల్ పోస్తారు. అది కొత్త చిగుళ్ల ఎదుగుదలను అణిచి, చెట్టును పూత వైపు తోస్తుంది. పైన కొట్టే మందు అయితే నాలుగు వానలకు కొంత కడుక్కుపోతుంది. ఇది వేర్ల దగ్గర పోసేది, మట్టిలో చాలాకాలం నిలిచి ఉంటుంది. మోతాదు మించి ఏటేటా పోసిన తోటలు చూడండి, కొమ్మల చివర్లు గిడసబారి, ఆకులు గుత్తులుగా ముద్దకట్టి ఉంటాయి. కాంట్రాక్టరు మూడో ఏడు కాయ కోసుకుని వెళ్లిపోతాడు. చెట్టు మనకి మిగులుతుంది, ఆ చెట్టు కింద మట్టి కూడా.

సర్టిఫికెట్ ఉన్న తోట అయితే ఇంకో నష్టం. ఎన్‌పీఓపీ పద్ధతిలో మామిడి లాంటి బహువార్షిక పంటలకు మార్పిడి కాలం 36 నెలలు, ఏకవార్షిక పంటలకు 24 నెలలు. నిషేధించిన మందు పడితే సేంద్రియ హోదా పోయి, మళ్లీ ఒకటో నెల నుంచి లెక్క పెట్టుకోవాల్సి వస్తుంది. పదేళ్లు ఒక మనిషి పేడ పిసికి తయారుచేసిన నేల, వారసుల అవసరం వల్ల ఒక్క సాయంత్రంలో వెనక్కి పోతుంది.

మా ఇంటి సంగతి. రెండేళ్ల కిందట శ్రావణంలో నాన్న పోయారు. నాలుగు ఎకరాల మామిడి, మూడు ఎకరాల మాగాణి, అంతా ఆయన సొంతంగా కొన్నదే, ఆయన పేరు మీదే. వీలునామా లేదు. వారసులం నలుగురం: అమ్మ, నేను, తమ్ముడు, చెల్లి. హిందూ వారసత్వ చట్టం ప్రకారం నలుగురికీ సమానం. (పిత్రార్జితం అయితే లెక్క మారుతుంది, అమ్మకి వచ్చేది తగ్గుతుంది. కూతురి వాటా మాత్రం అప్పుడూ కొడుకుతో సమానమే. 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు కూడా లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.)

చెల్లి కూతురికి ఇంజినీరింగ్ ఫీజు లక్షా ఇరవై వేలు కట్టాలి. తమ్ముడు అంతకుముందే ఆసుపత్రి ఖర్చుకి మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చుకుని ఉన్నాడు. పెద్దకర్మ అయిన నాలుగో రోజున కాంట్రాక్టరు వచ్చాడు. మూడేళ్లకు ఆరు లక్షలు, రొక్కం, ఆ పూటే. తమ్ముడు నా మొహం చూశాడు. నేను నేల గురించి, వానపాముల గురించి మొదలుపెట్టాను. చెల్లి ఒక్కమాట అంది: "అన్నయ్యా, నాకు కావాల్సింది ఫీజు కట్టే తేదీకి డబ్బు. నీ జీవామృతం కథలు తర్వాత వింటా."

ఆ మాటలో న్యాయం ఉంది. ఇక్కడే మన వాళ్లకి కొంచెం కష్టంగా ఉండే మాట చెప్పాలి. "నేల పాడవుతుంది, ఇప్పుడు ముట్టుకోవద్దు" అంటూ ఏళ్ల తరబడి అక్కచెల్లెళ్ల వాటా నాన్చేవాళ్లు మనలోనే ఉన్నారు. భూమి నా చేతిలో ఉంది, పంట నేనే తింటున్నాను, నువ్వు మాత్రం ఆగు అంటే ఎలా? రసాయనం వేయనంత మాత్రాన ఆ వడ్లలో చెల్లి వాటా లేకుండా పోదు. నేలను కాపాడాలనుకునేవాడు డబ్బుకి వేరే దారి చూపించాలి, తేదీతో సహా చూపించాలి. లేకపోతే వాళ్లు కాంట్రాక్టరు వైపు తిరిగితే వాళ్లని అనే హక్కు మనకి లేదు.

మాకు దారి బ్యాంకులో దొరికింది. నాన్నకి నాలుగు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, నామినీ అమ్మ. నామినీ ఉంటే బ్యాంకు సక్సెషన్ సర్టిఫికెట్ అడగకూడదు. మరణ ధ్రువపత్రం, నామినీ గుర్తింపు పత్రాలు, క్లెయిమ్ ఫారం చాలు. కాగితాలన్నీ ఇచ్చాక 15 రోజుల్లో చెల్లించాలని రిజర్వు బ్యాంకు నిబంధన. మా బ్యాంకు వాళ్లు ముందు "కోర్టు కాగితం తెండి" అన్నారు. రాతపూర్వకంగా ఇవ్వండి అని అడిగాక మాట మారింది. మీక్కూడా అలా అంటే నోటిమాటతో తిరిగి రాకండి, దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి.

డబ్బు అమ్మ ఖాతాలో పడింది. ఆ రోజు రాత్రి అమ్మ అంది, "ఇది నా పేరున వచ్చింది గానీ నాది కాదురా, మన నలుగురిదీ" అని. చట్టం కూడా బ్యాంకు డిపాజిట్ల విషయంలో అదే చెబుతుంది. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి, వారసుల తరఫున పట్టుకునే మనిషి. అంతేగానీ మొత్తానికి సొంతదారు కాదు. ఈ తేడా తెలియక ఎన్ని ఇళ్లలో మాటలు పోయాయో.

నాలుగు లక్షల్లో తలా లక్ష. తమ్ముడికి రెండు లక్షలు ఇచ్చాం, చెల్లికి లక్షా ఇరవై వేలు. మిగతా ఎనభై వేలు అమ్మ దగ్గరే. నేను తీసుకోలేదు. అంటే తమ్ముడు లక్ష, చెల్లి ఇరవై వేలు ఎక్కువ తీసుకున్నట్టు. నాకు లక్ష, అమ్మకి ఇరవై వేలు రావాలి. ఇదంతా ఒక నోటు పుస్తకంలో రాసి నలుగురం సంతకం పెట్టాం, మేనమామ, పక్కింటి బాబాయి సాక్షులు. పైన ఇలా రాశాం: "ఇది వాటాలో ముందుగా ముట్టిన సొమ్ము. దీనివల్ల ఎవరూ హక్కు వదులుకున్నట్టు కాదు." రెండో వాక్యం చాలా ముఖ్యం. ఎందుకో కింద చెబుతా.

పంట లెక్క కూడా అప్పుడే రాసుకున్నాం. పంపకం అయ్యేదాకా మొత్తం ఏడెకరాలూ ఒకే చేతి కింద, ఒకే పద్ధతిలో ఉండాలి. ఖర్చులు తీసేయగా మా ఊళ్లో పాలికి చేసేవాళ్లకి ఎంత వస్తుందో అంత నాకు. మిగిలింది నాలుగు భాగాలు. మార్గశిరంలో ధాన్యం, వైశాఖంలో మామిడి, రెండు తేదీలు. చేసినందుకు నాకు కూలి వద్దు అని గొప్పకి పోలేదు. అలా పోయినవాళ్లు రెండో ఏడు నుంచి లోపల్లోపల లెక్కలు వేసుకుంటారు, నేను చూశాను. తమ్ముడూ చెల్లీ ఎక్కువగా తీసుకున్న డబ్బు రెండో మామిడి కోతకి పూర్తిగా సర్దుకుంది. పద్నాలుగు నెలలకి భాగ పరిష్కారం రిజిస్టర్ అయింది. చెల్లికి వచ్చిన తోట ముక్క ఇప్పుడు నేనే కౌలుకి చేస్తున్నా, ఉగాదికి డబ్బు ఇచ్చేస్తా.

ఇక హక్కు వదులుకోవడం సంగతి. పదకొండో రోజున బంధువులంతా ఉండగానే ఆడపిల్ల చేత "హక్కు విడుదల పత్రం" మీద సంతకం పెట్టించడం మన దగ్గర మామూలైపోయింది. చేతిలో యాభై వేలో లక్షో పెడతారు, ఇది ముందు ఉంచుకో అంటారు. ఆమె దాన్ని అడ్వాన్సు అనుకుంటుంది. కాగితం మీద అదే మొత్తం. స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రం రిజిస్టర్ అయితేనే చెల్లుతుంది, అందుకే రెండో రోజున రిజిస్ట్రారు ఆఫీసుకి కూడా తీసుకెళ్తారు. అక్కచెల్లెళ్లారా, ఈ పేజీ చదివేవాళ్లలో మీరూ ఉన్నారని తెలుసు. ముందుగా డబ్బు తీసుకోండి, సంతోషంగా తీసుకోండి, రసీదు మీద మాత్రమే సంతకం పెట్టండి.

బయటివాడికి వాటా అమ్మేద్దాం అనుకునే తమ్ముళ్లకి కూడా ఒక మాట. తండ్రి బతికుండగా ఆయన సొంత ఆస్తిలో "నాకు రాబోయే వాటా" అని అమ్మడానికి అసలు కుదరదు. ఆస్తి బదిలీ చట్టం 6వ సెక్షన్ అలాంటి ఆశను బదిలీ చేయడాన్ని ఒప్పుకోదు. ఆయన పోయాక విభజన కాని వాటాను అమ్మవచ్చు. కానీ కొన్నవాడికి ఫలానా గట్టు నుంచి ఫలానా గట్టు దాకా అని ఏమీ రాదు, అతను పంపకం కోసం దావా వేయాలి. అది తెలుసు కాబట్టే సగం ధరకి అడుగుతాడు. దావా పడిందా, మొత్తం భూమి మీద ఇంజంక్షన్, బ్యాంకు అప్పు రాదు, బోరు వేయాలన్నా అభ్యంతరం. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఒక వారసుడు తన వాటా అమ్మాలనుకుంటే మొదటి తరగతి వారసులైన మిగతావాళ్లకి ముందుగా కొనే హక్కు ఉంది. ఇది వ్యవసాయ భూమికీ వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ధర దగ్గర కుదరకపోతే కోర్టే తేలుస్తుంది. కాబట్టి తోబుట్టువుల్ని దాటుకుని వెళ్లి తక్కువకి అమ్ముకోవడం ఎవరికీ లాభం కాదు.

కాంట్రాక్టరు తెల్ల కాగితం మీద రాయించుకునే మూడేళ్ల కౌలు కూడా అంతే. ఏడాది దాటిన కౌలుకి రిజిస్ట్రేషన్ కావాలి. నలుగురు వారసుల్లో ఒక్కరు సంతకం పెట్టి మిగతా ముగ్గురి చెట్ల మీద హక్కు ఇచ్చేయలేరు. ఇప్పటికే ఎవరైనా అలా రాసిచ్చి ఉంటే, భయపడి ఊరుకోకుండా లాయరుకి ఆ కాగితం చూపించండి.

మరో చెడ్డ అలవాటు. నాన్న ఏటీఎం పిన్ తెలుసు కదా అని చనిపోయాక కూడా డబ్బు తీస్తూ ఉండటం. చిన్న మొత్తమే అయినా తర్వాత తోబుట్టువుల మధ్య అనుమానానికి మొదటి విత్తనం అదే. పీఎం కిసాన్ అయితే చనిపోయిన మనిషి పేరున పడిన విడతలు వెనక్కి కట్టమంటారు. వారసత్వంగా భూమి వచ్చినవాళ్లు తమ పేరున కొత్తగా దరఖాస్తు చేసుకోవచ్చు, 2019 ఫిబ్రవరి 1 గడువు వారసత్వ బదిలీకి అడ్డురాదు. తెలంగాణ మిత్రులకి రైతు బీమా ఉంది. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు చనిపోతే అయిదు లక్షలు నామినీకి వస్తాయి. భూమి పంపకంతో దానికి సంబంధం లేదు, కాబట్టి ముందు దాని సంగతి చూడండి. అప్పుల విషయంలో కంగారు పడొద్దు. నాన్న చేసిన అప్పు ఆయన వదిలిన ఆస్తి మేరకే వారసుల మీద ఉంటుంది, మన సొంత సంపాదన దాకా రాదు. అయితే సొసైటీ పంట రుణం ఎంత ఉందో కనుక్కోకుండా వాటాల డబ్బు పంచుకోకండి.

ఇవన్నీ మనిషి పోయాక చేసే పనులు. బతికుండగా చేసుకుంటే అసలు ఇంత తిప్పలే ఉండదు. నాన్నగారి పాస్‌బుక్ తీసి నామినీ పేరు ఉందో లేదో చూడండి. 2025 నవంబరు 1 నుంచి ఒక డిపాజిట్‌కి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయొచ్చు. అమ్మానాన్నల ఖాతాను "ఇద్దరిలో ఎవరైనా లేదా బతికున్నవారు" పద్ధతికి మార్పించండి, అప్పుడు ఒకరు పోయినా రెండోవాళ్లు ఆ డబ్బు వాడుకోవచ్చు. వీలునామా తెల్ల కాగితం మీద రాసినా ఇద్దరు సాక్షుల సంతకాలుంటే చెల్లుతుంది, రిజిస్టర్ చేయిస్తే ఇంకా గట్టి. ఆ మాట నాన్నతో ఎలా ఎత్తాలి అంటారా? మా బాబాయితో నేను చెరుకు రసం తాగుతూ ఎత్తాను. ఆయన నవ్వి, "నన్ను ముందే పంపిస్తున్నావా" అన్నారు. తర్వాతి సోమవారం ఆయనే బ్యాంకుకి వెళ్లి వచ్చారు.

వచ్చే వీడియో మా తోటది కాదు. అయిదేళ్లు కౌలుకిచ్చి, పోయిన ఏడాదే వెనక్కి తీసుకున్న ఒక తోటలో తీస్తున్నాం. పాదుల్లో పోసిన మందు వల్ల గిడసబారిన కొమ్మలు ఎలా ఉంటాయో, వాటిని ఎక్కడ కత్తిరించారో, చెట్టుకి ఎంత ఘన జీవామృతం వేస్తున్నారో, కింద ఏ పచ్చిరొట్ట విత్తనాలు చల్లారో ఆ రైతే చూపిస్తానన్నారు. పేరు చెప్పొద్దన్నారు, మొహం చూపించొద్దన్నారు. చెట్లు మాత్రం దగ్గర్నుంచి తీసుకోమన్నారు.